ఎకనామిక్స్ అంటే చిన్నచూపెందుకు?

మా అమ్మాయి ఏ-లెవెల్‌లో ఎకనామిక్స్ తీసుకుంటానంది. వెంటనే నా నోట వచ్చిన మాట: ‘‘ఏం, ఫిజిక్స్‌లో మార్కులు రావనా?’’ పిల్ల ముఖం చిన్నబోయింది. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మన తరానికి చెప్పక్కర్లేదు. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ అందనివాళ్లకే సీఈసీ అనుకుంటూ పెరిగాం. ఆ సీఈసీ చదివినవాళ్లే లాయర్లు, ఆడిటర్లు అయినా మన లెక్క మారలేదు. ఇరవై ఏళ్లుగా ఇంగ్లండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా, ఆ పాత తూకంరాయి నాతోనే వచ్చింది.

2023లో మా ఇంటి లోను ఫిక్స్‌డ్ రేటు గడువు ముగిసింది. 2021 డిసెంబరులో 0.1 శాతం దగ్గర కదలడం మొదలైన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 2023 ఆగస్టుకు 5.25 శాతానికి చేరింది. ధరలు అదుపు చేయడానికి వడ్డీ ఎందుకు పెంచుతారో, మా నెల కంతు ఎందుకంత పెరిగిందో, మాస్టర్స్ చేసిన నేను ఆఫీసులో మిత్రుణ్ని అడిగి తెలుసుకున్నాను. పిల్లలు ఏ-లెవెల్‌లో చదివేది సరిగ్గా ఇదే: గిరాకీ, సరఫరా, ద్రవ్యోల్బణం, నిరుద్యోగం, మారకపు రేటు. గ్రాఫులూ లెక్కలూ ఉంటాయి. రెండు వైపులా తూచి, చివరికి ఒక అభిప్రాయం చెప్పాల్సిన వ్యాసాలూ ఉంటాయి. బట్టీతో గట్టెక్కే చదువు కాదు.

అలాగని పిల్లలు అడిగిందల్లా ఒప్పుకోమనడం లేదు. ఇక్కడ ఎక్కువమంది చదివేది మూడే సబ్జెక్టులు. కెమిస్ట్రీ వదిలేస్తే మెడిసిన్ దారి చాలాచోట్ల మూసుకుపోతుంది. ఫిజిక్స్ లేకపోతే ఇంజినీరింగ్‌లోనూ అంతే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కేంబ్రిడ్జిలో గానీ, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో గానీ ఎకనామిక్స్ డిగ్రీకి తప్పనిసరిగా అడిగేది ఏ-లెవెల్ మ్యాథ్స్, ఎకనామిక్స్ కాదు. కాబట్టి ఈ సబ్జెక్టు ఇష్టపడే పిల్లలు లెక్కలు మాత్రం వదలకూడదు.

మా అమ్మాయి చివరికి మ్యాథ్స్, ఎకనామిక్స్, హిస్టరీ రాసిచ్చింది. హిస్టరీ చూసి మళ్లీ నోరు తెరవబోయి ఆగిపోయాను.

ఇయర్ 11 పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఫారం నింపేముందు ‘ఎందుకు’ అని అడగండి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. తర్వాత యూనివర్సిటీల ప్రవేశ అర్హతలు పిల్లలతో కలిసి కూర్చుని చూడండి. మన ఇంటర్ రోజుల లెక్కలతో వాళ్ల దారి నిర్ణయించొద్దు.