బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టండి

సెల్ఫ్ బటన్ నొక్కితే టక్‌మని ఒక్క చప్పుడు, ఇంజన్ తిరగదు. బండి తోసుకుంటూ షెడ్డుకి వెళ్తే వినిపించే మొదటి మాట, "బ్యాటరీ పోయింది సార్". కొలవకుండా చెప్పే ఆ మాటను ఒప్పుకోకండి. పూర్తి ఛార్జింగ్ ఉన్న 12 వోల్టుల బ్యాటరీ ఊరకే ఉన్నప్పుడు మల్టీమీటరులో 12.6 దాకా చూపాలి. అసలు పరీక్ష మాత్రం బటన్ నొక్కినప్పుడే. అంకె 10కి బాగా కిందికి జారితే బ్యాటరీ మీద అనుమానం న్యాయమే. జారకుండా నిలబడి, మోటారు మాత్రం తిరగకపోతే? లోపం దారిలో ఉండొచ్చు: వదులైన టెర్మినల్, మాడిపోయిన రిలే కాంటాక్టులు, అన్నిటికన్నా ఎక్కువగా మనవాళ్లు చూడకుండా వదిలేసే ఎర్త్ వైరు. వానల్లో తడిసి తడిసి దాని బోల్టు కింద తుప్పు పడుతుంది. మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టండి. అర వోల్టు దాటితే ఆ బోల్టు విప్పి ఉప్పుకాగితంతో రుద్దాల్సిందే. చప్పుడే రాకపోతే ఫ్యూజు, క్లచ్, సైడ్ స్టాండ్ స్విచ్‌లు చూడాలి. కిక్ రాడ్ లేని బళ్లు, పెట్రోలు పంపు తిరగడానికీ కరెంటు కావాల్సిన ఇంజెక్షన్ బళ్లు పెరిగిన ఈ రోజుల్లో ఊహ మీద రిపేరు చేయడం కస్టమరుకి అన్యాయం. కొత్త బ్యాటరీ వేసినా సరే, ఇంజన్ రేజ్ చేసి 13.5 నుంచి 14.5 వోల్టులు వస్తున్నాయో లేదో చూపించమని అడగండి. రాకపోతే రెగ్యులేటరు, స్టేటరు చూడకుండా బిల్లు కట్టొద్దు.