బ్రహ్మ స్థానం ఖాళీగా ఉండరాదు

శ్రౌతయజ్ఞంలో ప్రధాన ఋత్విజులు నలుగురు. హోత ఋక్కులు పలుకుతాడు. అధ్వర్యుడు చేతితో జరగవలసిన పనులన్నీ నిర్వహిస్తాడు. ఉద్గాత సామగానం చేస్తాడు. నాలుగవ ఋత్విజుడు బ్రహ్మ. దక్షిణ దిక్కున మౌనంగా కూర్చున్న ఆయనను చూసి, ఈయనకు పనేమిటని కొత్తవారు అనుకోవడం కద్దు. కానీ మిగిలిన ముగ్గురి పనీ క్షుణ్ణంగా తెలిసినవాడు ఆయనే. లోపం జరిగిన చోటనే గుర్తించి, ప్రాయశ్చిత్తం చేయించే భారం ఆయనది. ఆయన మౌనం వీడి మాటల్లో పడితే యజ్ఞం ఒంటి చక్రపు రథం వలె చెడుతుందని ఛాందోగ్యోపనిషత్తు హెచ్చరిస్తుంది.

నేడు ఇంజనీరింగు కళాశాలలలో ‘ప్రాజెక్టు మేనేజ్‌మెంటు’ అని బోధించే విద్యకు ప్రాణం ఈ నాలుగవ ఆసనంలోనే ఉన్నదని నా అభిప్రాయం.

మా పడమటి మండలాల వారికి ప్రాజెక్టు అనగానే స్ఫురించేది హంద్రీ-నీవా. శ్రీశైలం జలాశయపు వెనుక నీటిని మల్యాల వద్ద ఎత్తి, మెట్టు మెట్టుగా రాయలసీమ దాటించి, పుంగనూరు బ్రాంచి కాలువ ద్వారా మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలకు, అక్కడి నుండి మరొక శాఖగా కుప్పానికి చేర్చాలన్నది సంకల్పం. పనులు 2004లో ఊపందుకున్నాయి. కుప్పం కాలువకు 2024 ఫిబ్రవరిలో ఒకసారి నీరు విడిచే ఉత్సవం జరిగింది. 2025 ఆగస్టు 30న పరమసముద్రం వద్ద జలహారతి జరిగింది. ప్రభుత్వాలు మారినా కృష్ణమ్మకు హారతి తప్పలేదు, సంతోషమే. ఇరవై ఏళ్లు ఎందుకు పట్టిందన్న వాదం రాజకీయులకు వదిలివేద్దాం.

సంకల్పమూ పూర్ణాహుతీ మనం ఘనంగానే చేస్తాం. మధ్యలోనే మన పరీక్ష. కొన్నేళ్ల క్రిందట ఒక గ్రామంలో ఆలయ కుంభాభిషేకానికి వెళ్లాను. ఆహ్వాన పత్రికలు, పందిళ్లు, మేళం, అన్నదానం, అన్నింటికీ వేర్వేరు కమిటీలు. తెల్లవారుజామున కలశాలు నింపబోతే నీరు లేదు! బోరు ఎండి నాలుగు రోజులైందట. ప్రతివారూ మరొకరు చూస్తారనుకున్నారు. ట్యాంకరు వచ్చేసరికి ముహూర్తం మీద పడింది. ఆ కమిటీలను నిందించను. ముందురోజు సాయంత్రం ఒక్కసారి అడగవలసిన ఆచార్యుణ్ణి నేనే. ఆనాటి నుండి ఏ క్రతువుకు వెళ్లినా మొదట బావి వద్దకు పోతాను, తరువాతనే మండపానికి.

వెనుకటి రోజులలో మా సీమ చెరువులకు నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో, కట్టపై ఎక్కడ తేమ ఊరుతున్నదో అతనికి తెలుసు. వేదం చదవకపోయినా ఆ చెరువుకు బ్రహ్మ అతడే. పంటలో అతని వాటా రైతులే కొలిచి ఇచ్చేవారు. చెరువులు ఎండాయి, నీరుగంటి వృత్తీ పోయింది.

ఇప్పుడు కృష్ణ నీరు ఆ చెరువుల వాకిటకు వస్తున్నది. కాలువలో పూడిక ఎవరు తీస్తారు? చెరువుకు చేరే వంకను ఆక్రమణల నుండి ఎవరు కాపాడతారు? పంపు ఆగిన రోజున చివరి ఊరికి కబురు చెప్పేదెవరు? హారతి పళ్లెం పట్టడానికి మా వంటివారం ఎందరమైనా దొరుకుతాము. ఈ వేసవిలోగా ప్రతి చెరువు కట్ట మీదా, జీతమిచ్చి, పేరు పెట్టి, ఒక్క నీరుగంటిని నియమించమని గ్రామ పెద్దలను కోరుతున్నాను.