వాననీటి పాఠం మన ప్రాంగణంలోనే మొదలు కావాలి

2020 సెప్టెంబరులో మల్కాజ్‌గిరి పరిధిలోని నేరేడ్‌మెట్‌లో 12 ఏళ్ల బాలిక వాన వెలిశాక సైకిలుపై వెళ్తూ నాలాలో పడి మరణించింది. మృతదేహం బండచెరువులో దొరికింది. నాలాలకు మూతలు వేయడం పురపాలకుల బాధ్యత. అయితే వాటిలోకి అంత నీరు అంత వేగంగా ఎందుకు చేరుతున్నదన్నది మన శాస్త్రం జవాబు చెప్పవలసిన ప్రశ్న.

హెక్టారు నేలపై 50 మి.మీ. వాన కురిస్తే 5 లక్షల లీటర్ల నీరవుతుంది. కాంక్రీటు పరిస్తే అందులో అధికభాగం నిమిషాల్లో నాలాకు చేరుతుంది. వాలుకు అడ్డంగా కందకాలు తీయమని, నీటికుంటలు తవ్వమని రైతుకు బోధించే మనమే, మన విద్యాప్రాంగణాలలో చాలాచోట్ల పైకప్పు నీటిని తిన్నగా కాలువలోకి వదులుతున్నాము.

ఆ నీటిని ముందుగా పల్లపు పచ్చిక మడులకు, అక్కడ నిండినది కుంటకు, కుంట నిండాక మత్తడి మీదుగా కాలువకు మళ్లించాలి. ఇంకుడుగుంతలు మాత్రమే చాలవు. ఇక్కడి ఎర్రనేలల కింద చాలాచోట్ల గ్రానైటు తక్కువ లోతులోనే తగులుతుంది. ఒండ్రు పేరుకుంటే గుంత పనిచేయదు. అందుచేత నేలలో నీరు ఇంకే వేగాన్ని కొలిచిన తరువాతే స్థలం ఎంచుకోవాలి, ఏటా తొలకరికి ముందే పూడిక తీయాలి, మురుగునీరు కలవనీయరాదు.

2020 అక్టోబరు నాటి కుంభవృష్టి వంటిదానిని ఈ ఏర్పాట్లు పూర్తిగా ఆపలేవు. సాధారణ వానల ఉద్ధృతిని మాత్రం తగ్గించగలవు. ఆ కొలతలను విద్యార్థుల చేతనే తీయించి, ప్రయోగ పాఠంగా బోధించాలి. తన ప్రాంగణంలో వాననీటిని నిలపని విస్తరణ శాస్త్రవేత్త మాటను రైతు ఎందుకు నమ్మాలి?