లారీలకు లేవనోణ్ని, గంటకు లేచా

జర్మనీలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేయకూడదు. ఆదివారమైతే రోజంతా అంతే. గోడకి డ్రిల్లింగ్ పెట్టకూడదు, ఖాళీ సీసాలు తీసుకెళ్లి వీధి డబ్బాలో వేయకూడదు. ఇంత పద్ధతైన దేశంలో నిద్రకేం లోటు అనుకుంటాం కదా! మ్యూనిక్‌లో నా రూమ్ పక్కనే చర్చి. పొద్దున 6 అయితే చాలు, గంటలు మొదలు. అవి ఆగి మళ్లీ కన్ను మూతపడేలోపు చెత్త లారీ. మొదటి నెలంతా ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లో ఆవలింతలే నా అప్‌డేట్.

నేను పుట్టి పెరిగింది జహీరాబాద్‌లో. హైదరాబాద్–ముంబై రూట్ లారీలు, తెల్లారకముందే అజాన్, గుడి మైకు, పాల బండి, మున్సిపాలిటీ చెత్త ఆటో పాట... ఇన్నిటి మధ్య అమ్మ దుప్పటి లాగితేగానీ లేచేవాణ్ని కాదు. "గీడ లారీల నడుమ పండినోనివి, గాడ గంటకు లేస్తున్నవా బిడ్డా?" అని ఫోన్‌లో ఒకటే నవ్వు.

అమ్మ నవ్వులో పాయింటుంది. మనల్ని లేపేది చప్పుడు సైజు ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న మోత కంటే అది ఎంత పైకి లేచిందన్నది కూడా. మా ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ రాత్రంతా గరగరమంటుంది. హారన్ సగం అందులోనే కలిసిపోతుంది. మ్యూనిక్ రూమ్‌కి అసలు ఫ్యానే లేదు. అంత నిశ్శబ్దంలో గంట మోగితే నెత్తిమీద కొట్టినట్టే. పైగా తెల్లవారుజాముకి నిద్ర బాకీ చాలామటుకు తీరిపోయి, నిద్ర పల్చబడి ఉంటుంది. కొత్త చోటైతే ఇంకోటి. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో చూపించారు: మొదటి రాత్రి మెదడులో ఎడమ సగం కుడి సగమంత గాఢంగా నిద్రపోదట. వాచ్‌మన్ డ్యూటీ అన్నమాట.

ఓ చిన్న టేబుల్ ఫ్యాన్ కొని, గోడవైపు తిప్పి పెట్టా. చెవుల్లో ఫోమ్ ప్లగ్స్. కొన్ని వారాలకి గంటలకు మెలకువ రావడం మానేసింది.

కానీ దీని గురించి చదువుతుంటే ఒకచోట ఆగిపోయా. చప్పుడుకి మెలకువ రాకపోవడం అలవాటవుతుంది గానీ, గుండెకి అంతగా అలవాటు కాదు. మనకి తెలియకుండానే, నిద్రలోనే, గుండె వేగం, బీపీ కాసేపు పెరుగుతాయి. అందుకే రాత్రిపూట రోడ్డు ట్రాఫిక్ మోత 45 డెసిబెల్స్ లోపే ఉండాలని డబ్ల్యూహెచ్ఓ యూరప్ ఆఫీసు 2018లో చెప్పింది. మన దేశంలో 2000 నాటి రూల్స్ ప్రకారం కూడా ఇళ్లున్న చోట రాత్రి హద్దు 45 డెసిబెల్సే. లారీ డ్రైవర్‌కి చెప్పేదెవరు, అది వేరే సంగతి.

నాకు గుర్తొచ్చింది నాన్న. రోజూ బీపీ గోళీ వేసుకుంటాడు, పడుకునేది రోడ్డువైపు గదిలో. అడిగితే "నాకు అలవాటేరా" అంటాడు. మొన్న చలికాలం సెలవులకి వెళ్లినప్పుడు ఆయన మంచం వెనక గదిలోకి మార్చా. రెండు రాత్రులు ఒకటే గొణుగుడు, "సప్పుడు లేకుంటే నిద్ర పడ్తలేదు" అని. మూడో రాత్రి ఆ గదిలో ఫ్యాన్ ఒకటిలో పెట్టి, ఆయన మీద ఇంకో రగ్గు కప్పా.