మిరప పూతలో నల్ల తామరపురుగు – వైద్యుని దృష్టిలో

ఫాల్గుణ, చైత్ర మాసాలు రాగానే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలోని గృహిణులు ఏడాదికి సరిపడ ఎండుమిరపకాయలు కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, గిర్నిలో కారం పట్టించుకోవడం ఆచారం. కాయ ఎర్రగా, నిగనిగలాడుతూ, మచ్చ లేకుండా ఉన్నదా లేదా అని పట్టిపట్టి చూస్తారు. ఆ కాయ చెట్టు మీద ఉండగా ఏయే మందులు ఎన్నిమార్లు కొట్టారో విచారించేవారు మాత్రం అరుదు. ఇకనైనా విచారించవలసి ఉన్నదని నా అభిప్రాయం. అందుకు కారణం ఒక అతి చిన్న పురుగు.

2021 చివర, 2022 ఆరంభంలో మన మిరప తోటలను ధ్వంసం చేసిన నల్ల తామరపురుగు ఈ దేశానిది కాదు. చర్మానికి వచ్చే తామర వ్యాధికీ దీనికీ పేరులో తప్ప ఏ సంబంధమూ లేదు. శాస్త్రజ్ఞులు దీనిని త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు. దీని పుట్టిల్లు ఇండోనేషియా, థాయిలాండ్ మొదలైన ఆగ్నేయాసియా దేశాలు. మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద దీనిని మొదట గుర్తించారు. 2021 జనవరి, ఫిబ్రవరి నెలలలో గుంటూరు జిల్లా మిరప పూతలో కనబడినది. ఆ ఏడు తిరగకముందే తెలంగాణలోని మిరప ప్రాంతాలకూ వ్యాపించినది. పూత రాలి, కాయ పట్టక, ఎందరో రైతులు నిలిచి ఉన్న తోటలనే పీకివేశారు.

మిరపకాయ కూడా పరదేశం నుండి వచ్చినదే. మన సంహితలలో ఉన్న కారపు ద్రవ్యాలు మరిచం, పిప్పలి. మిరప పోర్చుగీసువారి ఓడలతో అమెరికా ఖండం నుండి వచ్చినది. కనుక ఈ పురుగుకు మందు ప్రాచీన గ్రంథాలలో యథాతథంగా ఉన్నదని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు. గ్రంథాలలో ఉన్నది ఆలోచనా పద్ధతి.

పురుగు స్వభావం తెలియనిదే చికిత్స లేదు. మనకు పూర్వం నుండి ఉన్న తామరపురుగు ప్రధానంగా ఆకులను పట్టి, వాటిని పైకి ముడుచుకొనిపోయేటట్లు చేస్తుంది. ఈ కొత్తది పూవులో దూరి కూర్చుంటుంది. ఒక్క పూవులోనే పదుల సంఖ్యలో ఉంటాయి. ఆవగింజంత కూడా లేని ఈ పురుగు ఆకు కణజాలంలోనే గుడ్లు దాచి పెడుతుంది. పిల్ల పురుగులు గీకి రసం పీల్చి పెరుగుతాయి. ఆపైన నేలమీది మట్టిలో, రాలిన ఆకులలో ప్యూపా దశ గడుపుతాయి. మొత్తం జీవితచక్రం సుమారు రెండు వారాలు. ఆకుల పైన కొట్టిన మందు పూవు లోపలి పురుగుకు సరిగా తగలదు, కణజాలంలోని గుడ్డుకు అందదు, మట్టిలోని ప్యూపాను చేరనే చేరదు. నాలుగు దినాలకు మరల పురుగు కనబడుతుంది. రైతు భయపడి రెండు మూడు మందులు కలిపి కొడతాడు. పురుగును తినే అక్షింతల పురుగులు మొదలైన మిత్రకీటకాలు దానితో ముందుగా నశిస్తాయి. శత్రువు లేని నల్లపురుగు ఇంకా విజృంభిస్తుంది.

చరకాచార్యులు విమానస్థానంలో క్రిమిరోగాలకు మూడు విధాల చికిత్స చెప్పారు: అపకర్షణం, ప్రకృతివిఘాతం, నిదానపరివర్జనం. మానవ శరీరానికి చెప్పిన ఈ క్రమం తోటకు కూడా చక్కగా వర్తిస్తుంది. నీలిరంగు జిగురు అట్టలు కట్టి పురుగును పట్టడం, తీవ్రంగా సోకిన మొక్కలను తీసివేయడం అపకర్షణం. పురుగు పెరిగే పరిస్థితిని చెడగొట్టడం ప్రకృతివిఘాతం: మట్టిలో వేపపిండి వేయడం, పాదులపై మల్చింగు పరచడం, చేను చుట్టూ జొన్న, మొక్కజొన్న వంటి ఎత్తైన పంట వేయడం ఇందులోకి వస్తాయి. యూరియా అతిగా వేసి చెట్టును మెత్తబరచకుండుట, సింథటిక్ పైరిథ్రాయిడ్ జాతి మందులను పదేపదే వాడకుండుట నిదానపరివర్జనం. మూడింటిలో కష్టమైనది చివరిదే, ఎందుకనగా అది ఏదో ఒకటి చేయడం కాదు, మానుకోవడం. రోగులలో కూడా పథ్యం కంటె మాత్ర సులువు అనేవారే ఎక్కువ.

ఇక వేపనూనె గురించి. నింబం క్రిమిఘ్నమని ఆబాలగోపాలానికి తెలుసు. అయితే వేపలోని అజాడిరక్టిన్ పురుగును తక్షణమే చంపదు. దాని ఆకలిని అణచి, కుబుసం విడిచే క్రమాన్ని చెడగొడుతుంది. ఎండకు శక్తి కోల్పోతుంది గనుక సాయంకాలం కొట్టాలి. పురుగు కొద్దిగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. తోటంతా నల్లబడిన తరువాత వేపనూనె కొట్టి, పని చేయలేదని వేపను నిందించడం న్యాయం కాదు.

నాకు అన్నింటికంటె బాధ కలిగించేది మరొకటి. 'ఆయుర్వేద', 'మూలికా', 'బయో' అనే పేర్లతో, లోపల ఏమున్నదో రాయని సీసాలను రైతులకు అంటగడుతున్నారు. ద్రవ్యం పేరు, మోతాదు, అనుపానం తెలియని దానిని మా గురుకులంలో ఔషధమని పిలవనిచ్చేవారు కాదు. 1968 నాటి కీటకనాశినుల చట్టం ప్రకారం వేప మందుకు కూడా నమోదు ఉండాలి. సీసా మీద నమోదు సంఖ్య లేకపోతే కొనవద్దని మీ పల్లెలోని బంధువులకు చెప్పండి. సందేహమున్నచో సూర్యాపేట వైపు వారికి గడ్డిపల్లి, మిర్యాలగూడ వైపు వారికి కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు కలవు.

సుశ్రుత సంహిత కల్పస్థానంలో దూషీవిషమనే ప్రస్తావన ఉన్నది. శరీరం నుండి పూర్తిగా వెడలక, వెంటనే చంపక, చాలాకాలం నిలిచి, అనువైన సమయంలో బాధించే మందవిషమది. పంట మందుల అవశేషాలను తలచినప్పుడు నాకు ఆ మాటే గుర్తుకు వస్తుంది. పచ్చిమిరపకాయలను బాగా కడగడం మంచిదే; కాని చెట్టు లోపలికి ఇంకే అంతర్వాహిక మందు కడిగితే పోదు. మందు కొట్టిన తరువాత ఆగవలసిన రోజులు ఆగి కోయడమే దానికి ఉపాయం, అది రైతు చేతిలోని పని.

కొనేవారి చేతిలోనూ కొంత ఉన్నది. తెలిసిన రైతు వద్ద కొనగలిగితే కొనండి, చివరి మందు ఎప్పుడు కొట్టారో అడగండి. కాయ కొంచెం వంకరగా, పొట్టిగా ఉన్నంత మాత్రాన తిరస్కరించకండి. ఆ వంకర వలన కారానికి లోపం లేదు. బూజు పట్టిన కాయను, విరిచి చూస్తే లోపల నల్లబడిన కాయను మాత్రం ఎంత చౌకగా వచ్చినా ఇంటికి తేవద్దు.