కోడెతోపాటు కాయితం కూడా ఇయ్యాలె

వేములవాడ రాజన్న గోశాల నుంచి కోడెలు తెచ్చుకున్న, తెచ్చుకుందామనుకుంటున్న మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు రైతుల కోసం రాస్తున్న. కొంచెం పొడుగున్నది, ఓపికతో చదవండ్రి.

కోడె మొక్కు మనకు కొత్త కాదు. కొందరు భక్తులు కోడెనే రాజన్నకు అప్పజెప్తరు. అట్ల వచ్చినయి తిప్పాపూర్ గోశాలల ఉంటయి. 2025ల వానలు మొదలైనప్పుడు అక్కడ కోడెలు సచ్చిపోయిన వార్తలు పేపర్లల చూసినం. గోశాలల రద్దీ తగ్గాలని రైతులకు ఉచితంగ పంచుతున్నరు. మంచి పనే. కానీ ఆ కోడె ఎక్కడో ఒక కొట్టంల పుట్టి, భక్తుని చేతి నుంచి గుడికి, గుడి నుంచి గోశాలకు, అక్కడి నుంచి మన ఇంటికి వస్తది. ఇన్ని చేతులు మారిన దానికి నట్టల మందు ఎప్పుడు తాపిన్రు, ఏ మందు తాపిన్రు అని అడిగితే జవాబు దొరుకుడు కష్టం.

నేననేది ఒక్కటే. కాయితం లేని పశువుకు మందు తాపలేదనే అనుకోవాలె. "తాపినమట" అన్న మాటను లెక్కల పెట్టొద్దు. అట్లని షాపుల దొరికిన సీసా తెచ్చి ఆ రాత్రే గొంతుల పోసుడు కూడా సరికాదు.

ముందు పెండ పరీక్ష. పిడికెడు తాజా పెండ పట్టుకొని పశువుల దవాఖానకు పోవాలె. కోరుట్లల పశువైద్య కళాశాలనే ఉన్నది, మనకు దగ్గరున్న సౌకర్యం అది. ఏ నట్టలున్నయో తెలిస్తేనే ఏ మందో తెలుస్తది. ఫెన్‌బెండజోల్ గుండ్రటి నట్టల మీద పనిచేస్తది గని జలగల మీద చెయ్యదు. జలగలకు ఆక్సీక్లోజనైడ్ లాంటి మందు వేరే ఉంటది.

రెండోది బరువు. కంటి అంచనాతోని పోస్తే తక్కువ పడుతది. తక్కువ పడితే బతికిన నట్టలు ఆ మందుకు అలవాటు పడతయి, రేపు మన మంద మొత్తానికి ఆ మందు పనిచెయ్యది. టేపుతోని కొలువుండ్రి. ముందుకాళ్ల ఎనుక ఛాతి చుట్టుకొలత 40 అంగుళాలు, భుజం నుంచి పిరుదు ఎముక దాకా పొడుగు 33 అంగుళాలు అనుకుందాం. 40ని 40తోని, దాన్ని 33తోని గుణించి 660తోని భాగిస్తే 80 కిలోలు. ఈ లెక్క డాక్టరుకు చెప్తే మోతాదు ఆయన చెప్తడు. బాగా బక్కచిక్కిన దూడైతే ఆ మాట కూడా ముందే చెప్పాలె.

మూడోది, పాత పశువులల్ల వెంటనే కలపొద్దు. రెండు మూడు వారాలు వేరే కట్టెయ్యాలె. మందు తాపినంక కనీసం రెండు రోజులు మేతకు తోలొద్దు, ఆ పెండ గుంతల వెయ్యాలె. పదినాలుగు రోజులకు మళ్ల పరీక్ష చేపిస్తే మందు పనిచేసిందో లేదో తెలుస్తది.

"ఒకసారి తాపితే అయిపాయె" అనేటోళ్లకు ఒక మాట. మనది ఎస్సారెస్పీ కాలువ నీళ్లు, చెరువులు, వరి మళ్ల దేశం. నత్తలుంటయి, నత్తల నుంచి జలగలొస్తయి. కడుపులకు పోయిన జలగ పెద్దగై గుడ్లు పెట్టెటందుకు మూడు నెలల పైనే పడుతది. అంటే తెచ్చిన రోజు పరీక్షల అది కనపడకపోవచ్చు. అందుకే మూడు నాలుగు నెలలకు ఇంకోసారి పెండ చూపియ్యాలె.

"ఫ్రీగ వచ్చిన కోడెకు ఇంత కథనా?" అంటరు కొందరు. కోడె ఫ్రీగ వచ్చింది గని కొట్టంల ఉన్న పాడి బర్రె ఫ్రీగ రాలే. దాని కడుపుల నట్టలు పడితే పాలు తగ్గుతయి, ఆ నష్టం మనదే. దేవుని కోడె అని దండం పెట్టుడు ఒక్కటే సాలదు, దాని కడుపు కూడా చూడాలె.

ఇగ గోశాలోళ్లను మనం అడగాల్సింది కూడా ఉన్నది. కోడెను ఇచ్చేటప్పుడు పట్టా పుస్తకం చూస్తున్నరు గదా, అట్లనే మనకో చిన్న కాయితం ఇయ్యాలె. అందుల మందు పేరు, తాపిన తారీఖు, ఆనాటి బరువు, వేసిన టీకాలు ఉండాలె. పశువు చెవికి వేసే 12 అంకెల పోగు నంబరు మీద ఈ వివరాలు భారత్ పశుధన్‌ల ఎక్కియ్యొచ్చు. కోడె ఏ ఊరికి పోయినా చరిత్ర దాని ఎంటనే పోతది. దీనికి పెద్ద ఖర్చు లేదు, రాసేటోడు ఒక్కడుంటే సాలు.

అప్పటిదాకా కాయితం మనమే మొదలుపెడదాం. కోడె ఇంటికొచ్చిన తారీఖు నుంచి ఒక నోటుబుక్కుల రాసుకోండ్రి. రేపు దాన్ని ఇంకొకరికి ఇస్తే ఆ బుక్కు కూడా ఇయ్యుండ్రి.