సంఘ కార్యాలయము – వయోజనుల చదువు

పెక్కు సంఘ కార్యాలయములకు ఇంటర్నెట్టు తీగ వచ్చినది. సాయంకాలము తలుపులతోపాటు అదియు మూతపడుచున్నది. ఇది తగదని మా అభిప్రాయము.

63,000 ప్రాథమిక పరపతి సంఘముల లెక్కలు కంప్యూటరులపై వ్రాయుటకు 2022లో కేంద్ర ప్రభుత్వము 2,516 కోట్ల రూపాయల పథకమును అంగీకరించినది. మంచిదే. కాని తన ఖాతాను తాను చదువుకొనజాలని సభ్యుని గతి యేమి? 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏడేండ్లు పైబడినవారిలో నూటికి 67 మందికి మాత్రమే చదువను వ్రాయను వచ్చును. నాడు కాగితముపై వేసిన వ్రేలిముద్రను నేడు యంత్రముపై వేయుచున్నాడు, అంతియే భేదము.

చేత సెల్‌ఫోను ఉన్నది గదా యందురు. ఉన్నది. పాటలును, ఎన్నికల తిట్లును అందు చాల వినుచున్నాము. రహస్యసంఖ్య నడిగి బ్యాంకు సొమ్ము నపహరించు దొంగయు ఆ ఫోనులోనుండియే పలుకుచున్నాడు!

1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున పడవలో గ్రంథములు పేర్చి కాలువ వెంబడి పల్లెలకు పంపిరి. పని మానుకొని పట్టణమునకు పోలేని రైతుకడకు పొత్తమే వచ్చెను. ఇంటర్నెట్టును అట్టి పడవయే. అయినను పడవ తనంతట తాను రేవు చేరదు, సరంగు కావలెను.

నలుగురు కూడి నేర్చుటయు కావలెను. నెల్లూరు మండలమున దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా తరగతులలో చదివి, తమలో తాము చర్చించుకొని, సారా దుకాణముపైకి కదలిరి. 1992లో ఆ యుద్యమము మండలమంతట వ్యాపించెను. 1993లో ప్రభుత్వము సారాను నిషేధించెను. ఒంటరిగా మూల గూర్చుండి ఫోను చూచుకొనిన నిది జరిగియుండునా?

కావున వారమునకు రెండు సాయంకాలములు కార్యాలయము తెరచియుంచవలెను. నాట్లు, కోతల దినములలో మానవచ్చును. స్త్రీలకు వారి కనుకూలమగు వేళ వేరుగ నుండవలెను. ఊరిలో చదువుకొనిన యువతి నొకతెను నేర్పుటకు నియమించి జీతమీయవలెను. ఉచితముగ చేయుమనుట న్యాయము కాదు, పది దినములకు మించి సాగదు కూడ. మొదటి పాఠము సభ్యుడు తన అప్పు ఖాతా తానే చదువుట. పిమ్మట 2016లో ఏర్పడిన ఈ-నామ్ విపణిలో ధరలు చూచుట, తెగుళ్లను గూర్చి వ్యవసాయ శాస్త్రజ్ఞులు తెలుగున చెప్పు సంగతులు వినుట.

యంత్రము పాడగునని కార్యదర్శులు భయపడుదురు. లెక్కల కంప్యూటరు నెవ్వరును ముట్టనక్కరలేదు. ఆ తీగకే మరియొక చౌక యంత్రమును తగిలించిన చాలును.

ఈ వ్యయమును రాబోవు మహాజన సభలో చర్చింప గోరుచున్నాము. తమ గ్రామమున ఎందరు చేరుదురో, ఏ వేళ అనుకూలమో సభ్యులు సభకు ముందే వ్రాసి తెలుపుదురు గాక.